ఉపరితలాల చరిత్ర – 7: ఇనుము మీద వాలిన నత్రజని

ఓపౌ కర్మాగారంలో 1913 సెప్టెంబరులో అమ్మోనియా ఉత్పత్తి మొదలైన చోట క్రితం భాగం ఆపాం. కార్ల్‌స్రూహేలో ఫ్రిట్జ్ హేబర్ చుక్కలు చుక్కలుగా తీసి చూపించిన దాన్ని కార్ల్ బాష్ ఉక్కు గోపురాల్లోకి ఎక్కించాడు. హేబర్ ఉత్ప్రేరకంగా వాడిన ఆస్మియం దొరకడమే గగనం కాబట్టి దానికి బదులు ఏది పనికొస్తుందో వెతికే భారం ఆల్విన్ మిటాష్ మీద పడింది. ఆయన వేల కొద్దీ పరీక్షలు చేయించి, స్వీడన్ గనుల్లో దొరికిన మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం దగ్గర ఆగాడు. దానికి కాస్త అల్యూమినా, కాస్త పొటాషియం, కాస్త కాల్షియం చేర్చాడు. ఆ మిశ్రమం నూరేళ్లు దాటినా పెద్దగా మారలేదు. ఇవాళ రామగుండంలో యూరియా కోసం అమ్మోనియా తయారయ్యే చోట కూడా పని చేస్తున్నది ప్రధానంగా ఇనుమే. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తినే తిండి ఈ చర్య మీద ఆధారపడి ఉందని అంచనా.

ఇంత పెద్ద పరిశ్రమ నడుస్తున్నా, గోపురం లోపల ఇనుము మీద నత్రజని వాలాక ఏం జరుగుతుందో 60 ఏళ్లకు పైగా ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. లోపలికి ఏం పోతుందో తెలుసు, బయటికి ఏం వస్తుందో తెలుసు. ఎంత వేడికి, ఎంత పీడనానికి ఎంత దిగుబడి వస్తుందో ఇంజనీర్ల దగ్గర పట్టికలున్నాయి. మధ్యలో జరిగేది మాత్రం చీకటి.

ఆ చీకట్లో ఉన్న ప్రశ్న చిన్నదే. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి విప్పడానికి మోల్‌కు సుమారు 940 కిలోజౌళ్ల శక్తి కావాలి. రసాయన శాస్త్రంలో ఇంత గట్టి బంధాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఇనుము మీద వాలిన ఈ అణువు ముందు రెండుగా చీలి, ఆ తర్వాత ఒక్కో పరమాణువు హైడ్రోజన్‌ను పట్టుకుంటుందా? లేక అణువు చీలకుండా ఉండగానే హైడ్రోజన్ వచ్చి చేరి, బంధం మెల్లగా సడలుతుందా? మొదటిది నిజమైతే ఉత్ప్రేరకాన్ని బాగుచేయాలనుకునేవాడు చీల్చే పనిని సులువు చేయాలి. రెండోది నిజమైతే వెతకాల్సిన చోటు వేరు. దారి తెలియనంత కాలం మిటాష్ లాగే వేల పరీక్షలు చేసుకుంటూ పోవడం తప్ప గత్యంతరం లేదు.

ఈ ప్రశ్నతో ఎక్కువ కాలం కాపురం చేసినవాడు అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పాల్ ఎమ్మెట్. 1920లలో వాషింగ్టన్‌లోని స్థిర నత్రజని పరిశోధనాలయంలో ఇనుప ఉత్ప్రేరకం మీద పని మొదలుపెట్టాడు. పొడి పదార్థం లోపలి ఉపరితల వైశాల్యాన్ని కొలిచే పద్ధతిని బ్రూనవర్, టెల్లర్‌లతో కలిసి 1938లో ఇచ్చింది ఈయనే. ఇప్పటికీ ప్రతి ఉత్ప్రేరక ప్రయోగశాలలో ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఆ కొలత జరుగుతుంది. అంతటివాడు కూడా 1970ల నడుమ, అర్ధ శతాబ్దం అనుభవం తర్వాత, చర్యలో పాల్గొనేది నత్రజని అణువా పరమాణువా అన్నది తేలలేదనే రాశాడు. చేతకాక కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పనిముట్లు ఆయన కాలంలో చాలా వరకు లేవు.

ఎందుకు లేవో అర్థం కావాలంటే ఉపరితలం ఎంత త్వరగా మైలపడుతుందో చూడాలి. చదరపు సెంటీమీటరు లోహం పైపొరలో సుమారు 1,00,00,00,00,00,00,000 పరమాణువులుంటాయి, అంటే ఒకటి పక్కన 15 సున్నాలు. మామూలు గాలిలో పెడితే ఆ పొర మొత్తం గాలి అణువులతో కప్పుకుపోవడానికి సెకనులో వంద కోట్ల వంతు వ్యవధి చాలు. గాలిని తోడేసి పీడనాన్ని ఒక టార్‌లో పది లక్షల వంతుకు దించినా, తగిలిన ప్రతి అణువూ అతుక్కుంటే ఒక్క సెకనులో పొర నిండుతుంది. ఉపరితలాన్ని కొన్ని గంటలు శుభ్రంగా నిలపాలంటే అంతకంటే పదివేల రెట్లు మెరుగైన శూన్యం కావాలి. 1950కి ముందు అలాంటి శూన్యం ఉన్నా అది ఉందని కొలిచి చెప్పే సాధనం లేదు. ఆ ఏడాది బేయార్డ్, ఆల్పర్ట్ అనే ఇద్దరు అమెరికాలో కొత్త పీడనమాపకం చేశారు. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్ గదులు, రాగి వలయాలతో బిగించే మూతలు వచ్చాయి. గోడలకు అంటుకున్న నీటి ఆవిరి పోవడానికి గది మొత్తాన్ని గంటల తరబడి కాల్చే అలవాటూ వచ్చింది. అంతరిక్ష పోటీ, అర్ధవాహక పరిశ్రమ ఈ పరికరాలను బజారు సరుకు చేశాయి.

చూసే కళ్లు కూడా అప్పుడే అమరాయి. డేవిసన్, జర్మర్ 1927లో నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్లు వివర్తనం చెందడం గమనించిన కథ నాలుగో భాగంలో చెప్పుకున్నాం. ఆ ప్రయోగమే అత్యంత శూన్యంలో ఉపరితల నిర్మాణాన్ని చూపించే పద్ధతిగా 1960లలో మళ్లీ బతికింది. తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు పైపొరలను దాటి లోపలికి పోలేవు. అవి తిరిగి వచ్చి, ఎదురుగా ఉన్న తెర మీద ముగ్గుకు పెట్టిన చుక్కల్లా వెలుగుతాయి. చుక్కల అమరిక మారితే పైపొరలో పరమాణువుల అమరిక మారినట్టు.

పైపొరలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పడానికి ఓజే ఎలక్ట్రాన్ పద్ధతి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఎలక్ట్రాన్లకు ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ ఓజే పేరు నిలిచింది గానీ, 1922లో ఆ ప్రక్రియను ముందుగా ప్రచురించింది లీజ మైట్నర్. ఆమె అప్పుడు బెర్లిన్‌లోని డాలెమ్‌లో, హేబర్ సంస్థకు పొరుగునే ఉన్న కైజర్ విల్‌హెల్మ్ రసాయన సంస్థలో పని చేస్తోంది. కేంద్రక విచ్ఛిత్తి విషయంలో నోబెల్ కమిటీ ఆమెను వదిలేసిన సంగతి అందరికీ తెలుసు. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

పనిముట్లు ఇలా ఒక్కొక్కటిగా సిద్ధమవుతున్న కాలంలో గెర్‌హార్డ్ ఎర్టల్ పరిశోధనలోకి వచ్చాడు. 1936 అక్టోబరు 10న స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు. చదివింది భౌతిక శాస్త్రం. 1965లో మ్యూనిక్‌లో హైన్జ్ గెరిషర్ దగ్గర డాక్టరేట్ పూర్తి చేశాడు. గెరిషర్ విద్యుద్రసాయనవేత్త, ఘనం ద్రవం కలిసే సరిహద్దు ఆయన రంగం. శిష్యుడు ఘనం వాయువు కలిసే సరిహద్దును ఎంచుకున్నాడు. హానోవర్‌లో ఆచార్యుడిగా కొన్నేళ్లు చేసి, 1973లో మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చాక ఇనుము, నత్రజనుల చిక్కుముడిని చేతికి తీసుకున్నాడు.

పని మొదలయ్యేది ఇనుమును కడగడంతో. ఇది చెప్పినంత తేలిక కాదు. పారిశ్రామిక ఉత్ప్రేరకం రకరకాల ముఖాలున్న పొడి. అందులో ఏ ముఖం ఏం చేస్తుందో విడదీయలేం. అందుకని ఎర్టల్ బృందం శుద్ధమైన ఇనుప ఏకస్ఫటికాలను నిర్ణీత కోణాల్లో కోసి శూన్య గదిలో వేలాడదీసింది. శుద్ధం అన్న ఇనుములో కూడా గంధకం, కార్బన్ లేశమాత్రంగా దాగి ఉంటాయి. వేడి చేస్తే అవి లోపలి నుంచి పైకి పాకి, ఉపరితలాన్ని కప్పేస్తాయి. ఆర్గాన్ అయాన్లతో కొట్టి పైపొరను చెక్కేయాలి. చెక్కితే ఉపరితలం గతుకులవుతుంది కాబట్టి మళ్లీ వేడి చేసి నునుపు చేయాలి. వేడి చేస్తే మళ్లీ గంధకం పైకొస్తుంది. పోనీ ఎక్కువ వేడితో ఒక్కసారిగా వదిలిద్దామా అంటే 910 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఇనుము స్ఫటిక నిర్మాణమే మారిపోయి, కష్టపడి కోసిన ముఖం పాడైపోతుంది. ఓజే ఎలక్ట్రాన్ల కొలతలో గంధకం గీత మాయమయ్యేదాకా ఆ చెక్కడం, కాల్చడం ఓపిగ్గా సాగాలి. ప్రచురించిన పత్రంలో ఇదంతా ఒకటి రెండు వాక్యాలు. పరిశోధక విద్యార్థి జీవితంలో మాత్రం నెలలకు నెలలు.

శుభ్రమైన ఇనుము మీదికి నత్రజనిని వదిలితే మొదట బయటపడింది దాని మొండితనం. ఇనుమును దాదాపు పది లక్షల సార్లు ఢీకొంటే ఏ ఒక్కసారో అణువు చీలి అక్కడ నిలుస్తోంది. ఒకసారి చీలాక మాత్రం పరమాణువులు ఇనుముకు గట్టిగా అతుక్కుంటున్నాయి. ఇక అసలు ప్రశ్నకు వచ్చిన ప్రయోగం నా దృష్టిలో ఈ రంగంలోని అందమైన ప్రయోగాల్లో ఒకటి, ఎందుకంటే అందులో కొలిచింది ఒక్క సంఖ్యే. నత్రజని, హైడ్రోజన్ మిశ్రమంలో ఇనుమును ఉంచి, హైడ్రోజన్ పాలు పెంచుతూ, ఉపరితలం మీద మిగిలిన నత్రజని పరమాణువులెన్నో చూశారు. హైడ్రోజన్ పెరిగే కొద్దీ పరమాణువులు తగ్గుతూ వచ్చాయి. అమ్మోనియా నేరుగా చీలని అణువు నుంచి తయారవుతుంటే, పక్కన పడి ఉన్న పరమాణువుల సంఖ్య మారాల్సిన పని లేదు. అవి తగ్గుతున్నాయంటే హైడ్రోజన్ వాటినే తీసుకుపోతోంది. అణువు ముందు చీలుతుంది. ఆ తర్వాత ఒక హైడ్రోజన్, రెండో హైడ్రోజన్, మూడోది వరసగా చేరి అమ్మోనియా అయి లేచిపోతుంది. మొత్తం ప్రక్రియ వేగాన్ని పట్టి ఉంచేది ఆ మొదటి చీలికే.

ఇది తేలగానే పాత రహస్యాలు కూడా విడిపోయాయి. ఇనుప స్ఫటికాన్ని కోసే ముఖాల్లో 111 అని సంకేతం ఉన్నది బాగా తెరిపిగా ఉంటుంది, పైపొర సందుల్లోంచి కింది పొరల పరమాణువులు కూడా బయటికి కనిపిస్తాయి. నత్రజని అక్కడే అన్నిటికంటే సులువుగా చీలుతోంది. మిటాష్ పొటాషియం ఎందుకు కలిపాడంటే కలిపితే బాగా పని చేసింది కనుక. ఇప్పుడు కారణం దొరికింది. పొటాషియం తన ఎలక్ట్రాన్ సాంద్రతను ఇనుముకు ఇస్తుంది. అది నత్రజని అణువు బంధాన్ని వదులు చేస్తుంది, పుట్టిన అమ్మోనియా త్వరగా లేచిపోవడానికి కూడా తోడ్పడుతుంది. 1979లో ఈ ఫలితం అచ్చయింది. బర్కిలీలో గాబర్ సోమర్జాయ్ బృందం అసలైన అధిక పీడనంలో ఏకస్ఫటికాల మీద అమ్మోనియా తయారు చేసి చూసింది. 110 ముఖం వేగాన్ని 1 అనుకుంటే 100 ముఖం 25, 111 ముఖం 418. మ్యూనిక్ చెప్పినదానికీ బర్కిలీ కొలిచినదానికీ పొంతన కుదిరింది.

అయినా ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. వాళ్ల అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. శూన్య గదిలో మచ్చలేని ఏకస్ఫటికం ఎక్కడ, 200 వాతావరణాల పీడనంలో బూడిదరంగు పొడి ఎక్కడ? మధ్యలో పది పన్నెండు సున్నాల తేడా ఉంది. దానికి జవాబు డెన్మార్క్ నుంచి వచ్చింది. ఎరువుల ఉత్ప్రేరకాలు తయారు చేసే హాల్డర్ టాప్సో సంస్థ పరిశోధనాలయంలో స్టోల్ట్సె, నోర్స్కోవ్ అనే ఇద్దరు, ఏకస్ఫటికాల మీద కొలిచిన అంకెలనే తీసుకుని, పారిశ్రామిక రియాక్టరులో ఎంత అమ్మోనియా రావాలో 1985లో లెక్క కట్టారు. రియాక్టర్లో నిజంగా వచ్చేదానికి ఆ లెక్క దగ్గరగా వచ్చింది. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం అమ్మోనియా విభాగానికి సాంకేతికత ఇచ్చింది ఈ టాప్సో సంస్థే.

1986లో ఎర్టల్ బెర్లిన్ చేరాడు. గురువు గెరిషర్ పదవీ విరమణ చేసిన చోట, ఫ్రిట్జ్ హేబర్ సంస్థకు సంచాలకుడయ్యాడు. 1911లో హేబర్ కోసమే కట్టిన కైజర్ విల్‌హెల్మ్ భౌతిక రసాయన సంస్థకు 1953లో పెట్టిన పేరది. స్థాపకుడి చర్యను తర్వాతి సంచాలకుడు విప్పిచెప్పాడని కొందరు మురిసిపోతూ రాశారు. నాకు అంత సులువుగా మురిసిపోవాలని లేదు. 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో క్లోరిన్ వదిలించిన హేబర్, యూదు సహోద్యోగులను తీసేయమంటే 1933లో రాజీనామా చేసి మరుసటి ఏడాది జనవరిలో బాసెల్‌లో చనిపోయిన హేబర్ కూడా ఆ పేరులోనే ఉన్నారు. అమ్మోనియా మర్మం తెలియడం గొప్ప సంగతి. ఆ గొప్పతనం దేన్నీ చెరిపేయదు.

బెర్లిన్‌లో ఎర్టల్ దృష్టి ఎక్కువగా ఇంకో చర్య మీదికి మళ్లింది. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కార్ల పొగగొట్టాల్లో పెట్టే ఉత్ప్రేరకం చేసే పనుల్లో ఇదొకటి. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1922లోనే దీని మీద వివరంగా రాశాడు. ఇంతకంటే తేలికైన చర్య ఉండదని అనిపిస్తుంది. కానీ 1970 ప్రాంతంలో జర్మనీలోనే వికె బృందం ఒక వింత గమనించింది. వాయువుల ప్రవాహం, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నా చర్య వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. పరికరంలో లోపమా, వేడి చల్లబడటంలో హెచ్చుతగ్గులా అని అనుమానించడానికి చోటుంది.

ఎర్టల్ మ్యూనిక్‌లో ఉండగానే, 1982లో, నార్టన్, రూస్టిగ్‌లతో కలిసి శూన్య గదిలో ప్లాటినం ఏకస్ఫటికం మీద ఆ ఊగిసలాటను పట్టుకున్నాడు. ఎలక్ట్రాన్ వివర్తన చుక్కలు చూస్తే కారణం తెలిసింది. శుభ్రమైన ప్లాటినం 100 ముఖం తన లోపలి అమరికలో నిలబడదు. పైపొర పరమాణువులు సర్దుకుని షట్కోణాలుగా కూర్చుంటాయి. ఆ షట్కోణ పొర మీద ఆక్సిజన్ దాదాపు నిలవదు. కార్బన్ మోనాక్సైడ్ తగినంత చేరితే పైపొర తిరిగి చతురస్రంగా మారుతుంది. చతురస్రపు పొర మీద ఆక్సిజన్ సులువుగా చీలి అతుక్కుంటుంది. అతుక్కున్న ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ మోనాక్సైడ్‌ను తినేస్తుంది. అది పోగానే ప్లాటినం మళ్లీ షట్కోణాలుగా ముడుచుకుంటుంది, ఆక్సిజన్‌కు తలుపు మూసుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ చేరడం మొదలవుతుంది. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొన్నా తాను మారదని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. చర్య అంతా అయ్యాక చూస్తే ఆ మాట నిజమే. జరుగుతుండగా చూస్తే మాత్రం ప్లాటినం నిమిషానికోసారి రూపం మార్చుకుంటోంది. ఎర్టల్ చేసిన పనంతటిలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఇదే.

స్ఫటికం అంతా ఒకేసారి ఊగుతోందా, ఒక్కో చోట ఒక్కోలా ఊగుతోందా? దీనికి బెర్లిన్ సంస్థే సరైన చోటు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కనిపెట్టిన ఎర్న్‌స్ట్ రుస్కా పని చేసిన సంస్థ అది. ఎర్టల్ చేరిన 1986లోనే రుస్కాకు నోబెల్ వచ్చింది. అక్కడి విల్‌ఫ్రీడ్ ఎంగెల్ రూపొందించిన మైక్రోస్కోపులో, అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఉపరితలం నుంచి లేచే ఎలక్ట్రాన్లతో బొమ్మ ఏర్పడుతుంది. ఆక్సిజన్ కప్పిన చోటు నల్లగా, కార్బన్ మోనాక్సైడ్ కప్పిన చోటు దానికంటే వెలుగుగా పడుతుంది. హార్మ్ హిన్రిక్ రోటర్‌ముండ్ తదితరులతో కలిసి 1990లో ప్రచురించిన చిత్రాల్లో, అర మిల్లీమీటరు వెడల్పు కూడా లేని ప్లాటినం మేర మీద నలుపు తెలుపు సర్పిలాలు తిరుగుతున్నాయి. మధ్య బిందువు చుట్టూ చుట్ట విప్పుకుంటూ సెకనుకు కొన్ని మైక్రోమీటర్ల వేగంతో బయటికి సాగుతున్నాయి. పరిస్థితులు కాస్త మార్చితే వలయాలు వస్తాయి. ఇంకాస్త మార్చితే సర్పిలాలు విరిగి క్రమం లేని కల్లోలం అవుతుంది. 2001లో ఇదే బృందం ఆ కల్లోలానికి కళ్లెం కూడా వేసింది. మైక్రోస్కోపు బొమ్మ మొత్తం వెలుగును కొలిచి, దాన్నిబట్టి కొంచెం ఆలస్యంగా గదిలోకి వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను పెంచుతూ తగ్గిస్తూ పోతే కల్లోలం అణగి, స్ఫటికం అంతా ఒక్క లయలో ఊగడం మొదలుపెట్టింది.

ఇంతలో పరమాణువులను ఒక్కొక్కటిగా చూపే టన్నెలింగ్ మైక్రోస్కోపు అందుబాటుకొచ్చింది. హ్యూ టేలర్ 1925లో, ఉత్ప్రేరకం మీద ప్రతి చోటూ పని చేయదు, కొన్ని చురుకైన చోట్లే చేస్తాయి అని ఊహించాడు. 1996లో వింటర్లిన్, జాంబెల్లి, ట్రోస్ట్, ఎర్టల్ కలిసి రుథేనియం మీద నైట్రిక్ ఆక్సైడ్ చీలడాన్ని చూస్తే, చీలిక జరిగింది చదునైన మైదానంలో కాదు, ఒక పొర ఆగి ఇంకో పొర మొదలయ్యే మెట్టు అంచున. టేలర్ ఊహ 71 ఏళ్లకు బొమ్మలో కనిపించింది. మరుసటి ఏడాది ప్లాటినం 111 ముఖాన్ని సున్నాకు 26 డిగ్రీలు దిగువన ఉంచి, ఆక్సిజన్ పరిచి, కార్బన్ మోనాక్సైడ్ వదిలి వరసగా బొమ్మలు తీశారు. రెండు రకాలూ కలగాపులగంగా ఉండి ఎక్కడపడితే అక్కడ కలుసుకుంటాయని లాంగ్‌మ్యూర్ కాలం నుంచి సమీకరణాలు అనుకుంటున్నాయి. బొమ్మల్లో ఆక్సిజన్ దీవులుగా గుమిగూడింది. చర్య ఆ దీవుల ఒడ్డున మాత్రమే జరుగుతోంది. ఒడ్డు పొడవును బట్టి లెక్కిస్తే వచ్చిన వేగం, పెద్ద ఎత్తున కొలిచిన వేగంతో సరిపోయింది.

ఎర్టల్ 2004లో పదవీ విరమణ చేశాడు. 2007 అక్టోబరు 10న, తన 71వ పుట్టినరోజున, రసాయన శాస్త్రంలో నోబెల్ తనొక్కడికే ప్రకటించారని తెలిసింది. 1998 వోల్ఫ్ బహుమతిని ఆయనతో పంచుకున్న సోమర్జాయ్ పేరు అందులో లేదు. నోబెల్ ముగ్గురి దాకా ఇవ్వొచ్చు. ఎర్టల్ అర్హత మీద ఎవరికీ అనుమానం లేదు గానీ, రెండో కుర్చీ ఖాళీగా వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అధిక పీడనంలో బర్కిలీ కొలతలే లేకపోతే శూన్య గది ఫలితాలను కర్మాగారాల వాళ్లు అంత త్వరగా నమ్మేవాళ్లు కారు.

ఈ భాగంలో చూసిన కదలికలన్నీ సెకన్లలో, నిమిషాల్లో జరిగేవి. బంధం తెగే క్షణం అంతకంటే లక్షల కోట్ల రెట్లు చిన్నది. రుథేనియం మీద ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ పక్కపక్కనే ఉంచి మామూలుగా వేడి చేస్తే కార్బన్ మోనాక్సైడ్ లేచిపోతుందే తప్ప కార్బన్ డయాక్సైడ్ పుట్టదు. అదే ఉపరితలం మీద ఫెమ్టోసెకండ్ లేజర్ వెలుగు పడితే పుడుతుంది. వేడికి లొంగని చర్య వెలుగుకు ఎందుకు లొంగిందో 1999లో ఇదే సంస్థలో తేలింది. వచ్చే భాగం ఆ ప్రయోగం గురించి.